తప్పులు మానేసిన మామయ్య

వెబ్‌సైటు డిజైన్‌లో నాకు అవార్డు వచ్చింది. నవ్వకండి. ఆషామాషీ అవార్డు కాదు. ఆ పని చేసి బతికేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. జీతం తీసుకోకుండా నలుగురి కోసం చేసిన డిజైన్‌కి వాళ్ళు ఏడాదికొకసారి ఇచ్చే అవార్డు అది. ఇటుకంత గాజుదిమ్మ, కింద నల్లరాయి పీఠం. మా ముందుగదిలో నా కుర్చీకి ఎదురుగా అలమరలో ఉంటుంది. పొద్దున్నే ఎండ దానిమీద పడితే గది గోడలన్నీ రంగులే.

నేను చదువుకున్నది మా ఊరి బడిలో. ఆ బడికి నాలుగు గోడలుండేవి గాని ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. మధ్యలోంచి గేదెలు వచ్చి మాతోపాటు ఎక్కాలు విని పోయేవి. వాటిలో ఒకటి పన్నెండో ఎక్కం దాకా వచ్చింది. నేను తొమ్మిది దగ్గర ఆగిపోయి బస్సు డ్రైవర్నయ్యాను. అలాంటివాడికి గాజుదిమ్మ ఎలా వచ్చిందని మీకు అనుమానం రావడం సహజం. మా ఆవిడకూ వచ్చింది. ఆవిడకి నామీద అనుమానం పెళ్ళైన మర్నాడే మొదలైంది, ఇంకా తీరలేదు.

సంగతి మా కోడలి దగ్గర మొదలవుతుంది. వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసులో ఆ పిల్ల డిజైనర్. వాళ్ళ మేనేజరు పెద్ద పనులన్నీ తన చుట్టూ తిరిగేవాళ్ళకి పంచిపెట్టి, మా కోడలికి మాత్రం "ఈ ఎరుపు కాస్త తగ్గించమ్మా" అని ఇచ్చేవాడు. ఏళ్ళ తరబడి తగ్గించింది పాపం. తగ్గించీ తగ్గించీ ఆ కంపెనీలో ఎరుపన్నదే లేకుండా పోయింది.

ఆదివారాలు మాత్రం తనకు నచ్చిన పని చేసేది. మా వీధి చివర మూతపడ్డ టైలరు షాపు వెనక, మెట్లెక్కితే రెండు గదులున్నాయి. వాటినే అందరూ ఊతకర్రల గది అంటారు. కాలు విరిగినవాళ్ళకి ఊతకర్రలు, మోకాలు ఆపరేషనైన వాళ్ళకి వాకర్లు, నడవలేని వాళ్ళకి చక్రాల కుర్చీలు ఊరికే ఇస్తారు. వాడుకుని, బాగయ్యాక తెచ్చిచ్చెయ్యాలి. ఆ గది చూసుకునేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. టైలరు వదిలేసిన కొలతల టేపు ఇంకా మేకుకి వేలాడుతూనే ఉంటుంది, మాస్టారు దాంతోనే మనిషి చంక ఎత్తు కొలిచి, "అటెన్షన్!" అని ఒక అరుపు అరిచి, సరిపోయే కర్రలు ఇస్తారు. చక్రాలకు నూనె వేసే పని నాది.

అక్కడ ఉన్న చిక్కల్లా ఒకటే. ఏ సామాను ఖాళీగా ఉందో వచ్చేదాకా ఎవరికీ తెలియదు. విరిగిన కాలేసుకుని ఎక్కడెక్కడినుంచో వచ్చి, "లేవండీ, నిన్ననే ఇచ్చేశాం" అనిపించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అందుకని మా కోడలు ఒక వెబ్‌సైటు మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చుని ఏమున్నాయో చూసుకుని, కావలసింది నొక్కితే, మాస్టారు దాన్ని పేరుమీద తీసి పక్కన పెడతారు. వచ్చి పట్టుకెళ్ళడమే.

ఆఫీసులో ఆ మాట తెలిసి మేనేజరు నవ్వాడట. "ఊరికే చేసేది పనెలా అవుతుందమ్మా? అది సరదా" అన్నాడట. దాంతో మా పిల్లకి ఉక్రోషం వచ్చింది. ఈ సైటునే అవార్డుకి పంపిస్తానంది. ఆయన ఇంకా నవ్వి, "తెచ్చుకో. తెచ్చుకుంటే వచ్చే ఆసుపత్రి వెబ్‌సైటు మొత్తం నీ చేతికిస్తా, నలుగురిని నీ కింద పెడతా. రాకపోతే ఆ సరదాలు కట్టిపెట్టి ఆదివారాలు కూడా ఆఫీసుకి రా" అన్నాడట.

"నువ్వేమన్నావ్?" అన్నాను అన్నం దగ్గర.

"సరేనన్నాను మామయ్యా."

మా వాడు, అంటే మా అబ్బాయి, ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాడికి ఆదివారం పోతే పెళ్ళాం పోయినట్టే.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. నేను దిగానంటే, మా కోడలు దింపింది.

ఆ పిల్ల పనిచేసే తీరు విచిత్రంగా ఉంటుంది. ఒక ముక్క తయారవగానే నన్ను పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేది. తను వెనక స్టూలు మీద కూర్చుని పెదాలు బిగబట్టేది. నేనేం అడిగినా నోరు విప్పదు. అది వాళ్ళ వృత్తిలో నియమమట; చెప్పేస్తే పరీక్ష చెడిపోతుందట.

"ఒక ఊతకర్రల జత బుక్ చేయండి మామయ్యా. మీరు తప్పు చేస్తే అది మీ తప్పు కాదు, నా తప్పు. సరేనా?"

మా ఆవిడ వంటింట్లోంచి అంది: "ఆ ముక్క పెళ్ళైన కొత్తలో నాకెవరైనా చెప్పుంటే బాగుండేది. ఇన్నాళ్ళూ ఆయన తప్పులు ఆయనవే అనుకున్నాను."

ఇక చూసుకోండి నా ప్రతాపం. చక్రాల కుర్చీ బొమ్మ కనబడితే చక్రం మీద నొక్కాను, తిరుగుతుందేమోనని. 'పేరు' అని ఒక గడి ఉంటే, ఎవరి పేరో చెప్పలేదు కదా, 'ఊతకర్ర' అని రాశాను. పుట్టినతేదీ అడిగితే, బడిలో వేసిన తేదీయా, మా అమ్మ చెప్పిన పెద్దవాన రోజా అని తేల్చుకోలేక టీ అడిగాను. టీ వచ్చి, తాగి, కప్పు కడిగేదాకా ఆ గడి అలాగే ఖాళీగా ఉంది.

వెనకనుంచి మా కోడలు చప్పట్లు కొట్టింది. "అద్భుతం మామయ్యా! అసలు కర్రకి పుట్టినతేదీ ఎందుకు? నేనెంత మొద్దుని!"

మర్నాటికి పుట్టినతేదీ మాయం. 'పేరు' పోయి 'మీ పేరు' వచ్చింది. కుర్చీ బొమ్మమీద ఎక్కడ నొక్కినా కుర్చీ దగ్గరికే తీసుకెళ్ళేది. ఇలా నేను తప్పు చేయడం, ఆ పిల్ల సరిచేయడం. జీవితంలో మొదటిసారి నా తప్పులకి ఒక విలువ ఏర్పడింది. ఏ తప్పూ దొరకని రోజున బిక్కమొహం వేసుకుని కూర్చునేవాణ్ణి.

కాని మా ఆవిడ ఊరుకునే రకమా? ఊతకర్రల గదికి వచ్చి, డ్రిల్లు మాస్టారి ముందు, "ఇవాళ ఏం బుక్ చేశారో తెలుసా మాస్టారూ? పసిపిల్లల నడకబండి! మనవడు పుట్టకముందే!" అంది. మాస్టారు నడుం మీద చేతులేసుకుని నవ్వారు. నా మీసం కిందికి వాలిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. ఆఫీసునుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా తప్పులు దిద్దడానికి కూర్చునే పిల్లని రోజూ చూస్తున్నాను. కళ్ళకింద నీడలు వచ్చేశాయి. నేను ఒక తప్పు చేస్తే ఆ పిల్లకి ఒక సాయంత్రం పోయినట్టు. నాకు జాలేసింది. ఈ పిల్లకి ఒక్కటంటే ఒక్క తప్పు లేని పరీక్ష కానుకగా ఇస్తే ఎలా ఉంటుంది అనుకున్నాను.

అంతే, అందరూ పనులకి వెళ్ళాక, మా ఆవిడ కునుకు తీసే వేళ, రోజూ కూర్చుని సాధన మొదలుపెట్టాను. నాకు చదివి నేర్చుకోవడం చేతకాదు, తోవ పట్టడం వచ్చు. ఒకసారి ఘాట్ రోడ్డులో మంచు దిగింది. ఎంత దట్టంగా దిగిందంటే, వైపర్ వేస్తే ముక్కలు ముక్కలుగా ఊడి రోడ్డు పక్కన పడింది. ప్రయాణికులు దిగి ఆ ముక్కలమీద కూర్చుని టిఫిన్లు తిన్నారు. ఆ మంచులో ఒక్క అడుగు కూడా కనబడకుండా, మలుపు మలుపూ గుర్తుపెట్టుకుని బస్సుని కొండ దింపినవాణ్ణి నేను. అలాంటివాడికి ఈ వెబ్‌సైటు ఒక లెక్కా?

రూటు ఇలా వేసుకున్నాను. నీలం బటన్ దగ్గర బయల్దేరాలి. ఎడమ మూలకి మలుపు. కర్రల బొమ్మ దగ్గర ఒకసారి ఆగాలి, అక్కడ రంగు మారుతుంది. పేరు, ఇంటినంబరు వేసి, కిందికి రెండు స్టాపులు. తర్వాత అంతా ఖాళీ, తెల్లటి మైదానం. ఊరు అయిపోయిందనిపిస్తుంది. భయపడకుండా ఇంకా కిందికి పోతే, అట్టడుగున చిన్న బూడిదరంగు బటన్ ఉంటుంది. 'ఖాయం చేయండి.' అదే డిపో.

ఆ డిపోని నేను కనిపెట్టిన వైనం కూడా చెప్పాలి. అంతకుముందు పరీక్షల్లో నేను అంతదూరం ఎప్పుడూ వెళ్ళలేదు. దారిలోనే ఎక్కడో బోల్తా కొట్టేవాణ్ణి. సాధన చేస్తూ ఒక మధ్యాహ్నం పెద్దగా తుమ్మాను. ఆ అదురుకి మౌస్ చక్రంమీద వేలు జారి, పేజీ జర్రున కిందికి పోయింది. చూస్తే అక్కడ ఒక బటన్ నక్కి కూర్చునుంది.

మళ్ళీ పరీక్ష పెట్టిన రోజున నీలం దగ్గర బయల్దేరి, ఎక్కడా బ్రేకు వేయకుండా, డిపోలో తెచ్చి పెట్టాను బండిని. మా కోడలు స్టూలు మీదనుంచి లేచి నిలబడింది. నా రెండు చేతులూ పట్టుకుని ఊపింది. "మామయ్యా! మీకే వచ్చేసిందంటే ఇంకెవరికైనా వచ్చేస్తుంది! సైటు తయారైపోయింది!"

ఆ మాటలో పొగడ్త ఎంతో నేను లెక్కవేయలేదు. మీసం మాత్రం మెలేశాను. వంటింట్లో గరిటె ఆగిపోయింది.

మా కోడలు సైటుని జనంలోకి వదిలింది. అవార్డుకి పంపింది. కొన్నాళ్ళకి, ఆఖరి విడత పోటీకి మిగిలిందని కబురొచ్చింది. సంఘం తరఫున ఒక జడ్జి వస్తుంది, కోర్టు జడ్జి కాదులెండి, డిజైనర్లలో పెద్దావిడ. ఊతకర్రల గదిలో కూర్చుని, పెద్దవయసు మనిషి ఒకరు ఎవరి సాయమూ లేకుండా సైటు వాడుతుంటే చూస్తుంది. ఎవరు వాడతారని అడిగితే మా కోడలు ఆలోచించకుండా, "మా మామయ్య" అని రాసి పంపింది.

నేను చొక్కా ఇస్త్రీకి ఇచ్చేశాను.

ఈలోగా ఊతకర్రల గదిలో ఒక వింత నడుస్తోంది. నేను చక్రానికి నూనె వేస్తుంటే డ్రిల్లు మాస్టారు వచ్చి పక్కన కూలబడ్డారు. ఆయన కూలబడ్డం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"డ్రైవర్‌గారూ, ఈ సైటు పెట్టాక జనం వస్తున్నారు, కాని కోపంగా వస్తున్నారండీ."

"ఏమంటారు?"

"బుక్ చేశాం, ఇవ్వండి అంటారు. నా దగ్గర చూస్తే వాళ్ళ పేరే ఉండదు. పొద్దున ఒక మంగలాయన వచ్చాడు. నిలబడి చేసే పని కదా, మడమ విరగ్గొట్టుకున్నాడు. ఒంటికాలి మీద గెంతుకుంటూ ఆ మెట్లన్నీ ఎక్కాడు. ఆఖరి జత ఎవరికో ఇచ్చేశాను. ఒంటికాలి మీద వచ్చినవాడు ఒంటికాలి మీదే వెళ్ళిపోయాడు. చూడలేకపోయానండీ."

"సరిగ్గా నొక్కి ఉండడు" అన్నాను నేను, మహా తెలిసినవాడిలా. "జనానికి ఓపిక లేదు మాస్టారూ. చదువు కూడా తక్కువ."

ఇది ఎవరన్నారు? తొమ్మిదో ఎక్కం దగ్గర ఆగినవాడన్నాడు. నాకప్పుడు ఏ అనుమానమూ రాలేదు. ఎలా వస్తుంది? ఆ తోవలో అన్నిసార్లు తిరిగాక, ఆ తెల్ల మైదానం నా కంటికి ఆనడమే మానేసింది.

జడ్జి రేపు వస్తుందనగా, ఆ సాయంత్రం మా వదిన, అంటే మా ఆవిడ అక్క, ఫోన్ చేసింది. మోకాలు ఆపరేషనైంది, వాకర్ కావాలంది. మా ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది.

"లే, నేను చేస్తాను" అన్నాను.

"అక్కర్లేదు. మీకే వచ్చింది, నాకు రాదా?" అని, కళ్ళద్దాలు సవరించుకుని, వాకర్ బొమ్మ నొక్కి, పేరు రాసి, చేతులు దులుపుకుంది. "అయిపోయింది."

"కాలేదు."

"అయింది. రంగు మారింది కదా!"

"రంగు మారితే సగం దారే. ఇంకా డిపోకి చేరలేదు."

"ఏ డిపో? ఏమంటున్నారు మీరు? ఇక్కడ ఇంకేమీ లేదు, అంతా తెలుపే."

"నీకు కనబడదే. అది అనుభవం. ఇలా ఇటు జరుగు, చూడు. కళ్ళు మూసుకుని చేస్తాను." నిజంగానే రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను. "నీలం... ఎడమ మలుపు... ఆగాం, పేరు, ఇంటినంబరు... రెండు స్టాపులు... మైదానం, భయపడకూడదు... ఇదిగో, డిపో!"

కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ నన్ను చూడటంలేదు. గుమ్మం వైపు చూస్తోంది. గుమ్మంలో మా కోడలు. భుజాన సంచి అలాగే ఉంది.

"మామయ్యా" అంది మెల్లగా, "ఆ బటన్ అక్కడ ఉందని మీకెలా తెలుసు?"

మౌస్ చక్రం చూపించాను. "తుమ్మానమ్మా."

"ఏంటీ?"

చెప్పాను. సాధన సంగతి, రూటు సంగతి, తుమ్ము సంగతి. ఆ పిల్ల సంచి కింద పెట్టి, దానిపక్కనే నేలమీద చతికిలబడింది.

"అంటే మీకు అర్థమై చేయలేదు. బట్టీపట్టి చేశారు. నేను ఒక తుమ్ముని నమ్ముకుని సైటు జనంలోకి వదిలాను." కాసేపు అరచేతుల్లో మొహం పెట్టుకుంది. "ఎందుకు మామయ్యా?"

"నువ్వు అలిసిపోతున్నావని. నా తప్పులు తగ్గితే నీకు పని తగ్గుతుందని."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి మొదలుపెట్టింది. "మీరు చెడిపోయారు మామయ్యా. పూర్తిగా చెడిపోయారు. ఇక నాకు పనికిరారు."

నేను దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాను. "అమ్మా, ఒక మాట విను. రేపు ఒక్కరోజు దీన్ని ముట్టుకోకు. నేను కూర్చుంటాను, ఎక్కడా ఆగకుండా నడిపేస్తాను. జడ్జి ముక్కున వేలేసుకుంటుంది. ఆవిడ అటు వెళ్ళగానే నువ్వు ఇటు మార్చుకో. ఎవరికి తెలుస్తుంది?"

ఆ పిల్ల ఆలోచించింది. ఆలోచించలేదని చెప్పను. ఆసుపత్రి వెబ్‌సైటు, నలుగురు మనుషులు, ఆదివారాలు, అన్నీ ఆ మొహం మీద ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే కనబడ్డాయి నాకు. తర్వాత డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేసి, బుక్ చేశామని వచ్చి ఖాళీచేతుల్తో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. మాస్టారు చెప్పుకుపోతున్నారు. మంగలాయన గెంతుకుంటూ మెట్లు దిగిన వైనం ఫోన్లోంచి మా ముగ్గురికీ వినబడింది.

ఫోన్ పెట్టేసి నావైపు చూసింది. "ఈ సాయంత్రం ఎవరి కాలైనా విరిగితే మామయ్యా? రేపటిదాకా ఆగమందామా?"

వద్దులేమ్మా అని పక్కకి తప్పుకున్నాను. అంత తేలిగ్గా నేను తప్పుకోవడం అన్నది మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్పుకుంటుంది.

"అత్తయ్యా, లేవకండి. అలాగే కూర్చోండి. మళ్ళీ వాకర్ బుక్ చేయండి, మీకు తోచినట్టు చేయండి."

ఇక మా ఆవిడ చేసిన తప్పులు చూడాలి! ఏం తప్పులు! నావి వాటిముందు పసిపిల్లల నడకలు. బటన్‌ని నొక్కకుండా దాన్ని తిట్టింది. స్క్రీన్ మీద మరకనుకుని ఒక గీతని కొంగుతో తుడిచింది. మా కోడలు వెనకనుంచి పెదాలు బిగబట్టి చూస్తూ, మారుస్తూ, మళ్ళీ చూస్తూ. అన్నాల వేళకి బటన్ పైకొచ్చేసింది. బొమ్మ పక్కనే, అరచేయంత, ఆకుపచ్చగా: 'ఇది నాకు తీసిపెట్టండి.' మైదానం మాయమైంది. పాత డిపో ఉన్నచోట, సామాను ఇవ్వదలచినవాళ్ళ కోసం వేరే బటన్ పెట్టింది.

"మామయ్యా, మారింది. చూసుకున్నారా?"

"చూశాలేమ్మా. డ్రైవర్‌కి కొత్త రూటు ఒకసారి చూపిస్తే చాలు."

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఊతకర్రల గదికి వెళ్ళాను. జడ్జి వచ్చింది. మెడలో గొలుసుకి కళ్ళద్దాలు, మాట్లాడితే మెత్తగా, చూస్తే సూదిలా. మాస్టారు ఆవిడకి కూడా "అటెన్షన్!" చెప్పబోయి నోరు నొక్కుకున్నారు. మా ఆవిడ ఫ్లాస్కులో టీ పట్టుకుని గోడవార నిలబడింది. మా కోడలు నియమం ప్రకారం నా వెనక స్టూలు మీద.

"కానివ్వండి పెద్దాయనా. ఒక ఊతకర్రల జత" అంది జడ్జి.

మౌస్ పట్టుకున్నాను. నలుగురు చూస్తున్నారన్న హుషారు ఒంటికెక్కింది. బుర్రకి కొత్త రూటు తెలుసు. చేతులకి మాత్రం ఆ ఆర్డరు అందలేదు. అవి పాత సర్వీసుకే బయల్దేరాయి. నీలం, ఎడమ మలుపు, బొమ్మ. పక్కనే పచ్చబటన్ అరుస్తున్నా ఆగకుండా దాన్ని దాటి, కిందికి, ఇంకా కిందికి, అట్టడుగున ఉన్న బటన్ని ఠకీమని నొక్కి, అడిగిన గడిలో ఇంటినంబరు వేసి, కుర్చీలో వెనక్కి వాలి జడ్జి వైపు చూసి నవ్వాను.

జడ్జి కళ్ళద్దాలు పెట్టుకుని స్క్రీన్ పైకి చదివింది. "'ఊతకర్రల గదికి మీ సామాను ఇస్తున్నందుకు ధన్యవాదాలు. మీరు నలభై రెండు ఊతకర్రల జతలు ఇవ్వబోతున్నారు. నిజమేనా?'"

మాస్టారు గబగబా నా దగ్గరికి వచ్చారు.

"అంత ఉదారమా డ్రైవర్‌గారూ!" అన్నారు మాస్టారు కళ్ళనీళ్ళ పర్యంతమై. ఆయన నిజంగానే నమ్మారు.

"నలభై రెండు మా ఇంటి నంబరండీ" అన్నాను.

"ఇల్లు మాత్రం ఇచ్చెయ్యకండి" అంది మా ఆవిడ.

స్క్రీన్ మీద రెండే రెండు బటన్లున్నాయి. 'నిజమే.' 'కాదు, పొరపాటు.' రెండోది నొక్కాను. ఏ గొడవా చేయకుండా, నన్నొక్క మాట అనకుండా, బొమ్మ దగ్గరికి తెచ్చి దింపేసింది. ఇన్నేళ్ళ కాపురంలో నా పొరపాటుని అంత మర్యాదగా ఎవరూ సర్దుకోలేదు. అప్పుడు పచ్చబటన్ నొక్కాను. పని అయిపోయింది.

జడ్జి వెనక్కి తిరిగింది. "ఆయన దారి తప్పుతుంటే మీరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదు కదండీ" అంది మా కోడలు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే అంతా చెప్పేసింది. తను పంపిన సైటులో ఆఖరి బటన్ కనబడేది కాదని, మామయ్య బట్టీపట్టడంతో మోసపోయానని, నిన్న సాయంత్రం మార్చానని. "మీరు ఎంపిక చేసిన సైటు ఇది కాదండీ. దానిలో తప్పుంది. మీకు చెప్పకుండా ఉండలేను."

ఆసుపత్రి పని పోయింది, ఆదివారాలు పోయాయి, మా వాడి పెళ్ళాం కూడా పోయిందనుకున్నాను.

జడ్జి ఏదో అనబోతుండగా మెట్లమీద చప్పుడైంది. ఠప్, ఠప్, ఠప్. ఒంటికాలి చప్పుడు. మంగలాయన! గుమ్మం పట్టుకుని రొప్పుతూ ఫోన్ ముందుకి చాపాడు. "పొద్దున్నే బుక్ చేశానండీ!"

"లేవండీ" అన్నారు మాస్టారు అలవాటుగా. అని, వెనక్కి తిరిగి చూశారు. గోడకి ఒక జత ఆనించి ఉంది. చిన్న కాగితం మీద మంగలాయన పేరు, మాస్టారి దస్తూరీలోనే. "ఉన్నాయండీ!" అని ఎంత గట్టిగా అరిచారంటే మంగలాయన రెండోకాలు కూడా పోగొట్టుకోబోయాడు.

టేపు తీసి కొలిచారు. చంకకి సరిపోయింది. ఈసారి ఒంటికాలి మీద వచ్చినవాడు మూడుకాళ్ళ మీద వెళ్ళాడు. జడ్జి కిటికీ దగ్గర నిలబడి, ఆయన మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా చూసింది. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, బాగుందని చెప్పి వెళ్ళిపోయింది.

అవార్డు మా కోడలికే వచ్చింది. ఇంకెవరికి వస్తుంది? వేదికమీద ఆ గాజుదిమ్మ పట్టుకుని నిలబడి, రాసుకొచ్చిన కాగితం మడిచేసి అంది: "మా మామయ్య తప్పులు చేసినన్నాళ్ళూ సైటు బాగుపడింది. ఆయన బాగుపడ్డాక సైటు చెడింది." హాలు హాలంతా నవ్వింది. అందరూ వెనక్కి తిరిగి ఎవరా మామయ్య అని వెతుకుతుంటే, నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. పక్కనుంచి మా ఆవిడ చొక్కా పట్టి లాగింది గాని నేను కూర్చోలేదు. మేనేజరు రెండో వరసలో ఉన్నాడు. ఆ రోజు ఆయన మొహంలో కనబడిన ఎరుపు ఎంతైనా తగ్గించవచ్చు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడులెండి. ఇప్పుడు ఆసుపత్రి సైటు మా కోడలి చేతిలోనే ఉంది. పరీక్షలకి కూర్చునేది మా ఆవిడ. నన్ను కంప్యూటర్ ఉన్న గదిలోకి రానివ్వరు. ఒకసారి బతిమాలి కూర్చుని, పాత రోజులు గుర్తొచ్చి, వరసగా బోలెడు తప్పులు చేశాను. "కావాలని చేసినవి పనికిరావు మామయ్యా" అని లేపేసింది.

మరి అవార్డు నాకు వచ్చిందని మొదట్లో అన్నానా? అన్నాను. వేదికమీద నా మాట వచ్చింది, అందుకని నాకూ వచ్చినట్టే అనుకున్నాను. దిమ్మమీద పేరు మాత్రం కోడలిదే. మామయ్య అన్న మాట ఎంత వెతికినా లేదు, నేను భూతద్దంతో కూడా చూశాను. మా ముందుగది అలమరలో ఉందని కూడా అన్నాను కదూ? అక్కడ ఒక్కరోజు ఉంది. ఊతకర్రల గది తలుపుకి పాత స్ప్రింగు ఒకటుంది. చక్రాల కుర్చీ సగం లోపలికి రాగానే ధన్‌మని వచ్చి కొడుతుంది. ఆ తలుపుని ఆపగల బరువు ఇంట్లో ఇంకేదీ లేదని మా కోడలే దాన్ని తీసుకెళ్ళి అక్కడ అడ్డం పెట్టింది. నేను రోజూ నూనె వేయడానికి వెళ్ళినప్పుడు దాన్ని కూడా తుడుస్తాను. రంగులు అక్కడే గోడమీద పడతాయి, టైలరు టేపు మీద.

ఇవి కల్పనలు కావు, గొప్పలు. రెండూ వేరు. ఇందులో నేను నిజంగా కల్పించింది ఒక్కటే. మా ఆవిడ ముందు రెండు కళ్ళూ మూసుకుని డిపోకి చేర్చానన్నానే, అది. ఎడమకన్ను సన్నగా తెరిచే ఉంచాను. డ్రైవరన్నవాడు ఎవడైనా అంతే చేస్తాడు. మంచు ముక్కల మీద టిఫిన్లు తిన్నది మాత్రం అక్షరాలా నిజం.